డీనాట్ రూల్ రౌటర్‌లో పెట్టాలా, ఫైర్‌వాల్‌లో పెట్టాలా?

ఇంటర్నెట్ లైన్ ముందుగా రౌటర్‌కి వస్తుంది. దాని వెనక ఫైర్‌వాల్, ఆ వెనక సర్వర్. బయటివాళ్లు ఆ సర్వర్‌ని చేరాలంటే, పబ్లిక్ ఐపీకి వచ్చిన ప్యాకెట్‌లోని గమ్యం చిరునామాను దారిలో ఏదో ఒక పరికరం లోపలి చిరునామాగా మార్చాలి. ఇలా చిరునామాలు మార్చే పనిని నాట్ అంటారు, అందులో గమ్యం చిరునామాను మార్చడమే డీనాట్. ఇంటి రౌటర్ల మెనూలో పోర్ట్ ఫార్వర్డింగ్ పేరుతో కనిపించేది కూడా ఇదే. ఈ పని రౌటరూ చేయగలదు, ఫైర్‌వాలూ చేయగలదు. అందుకే చాలా నెట్‌వర్క్‌లలో కొన్ని రూల్స్ ఇక్కడ, కొన్ని అక్కడ పేరుకుపోతాయి. కొన్నాళ్లకి ఏ పోర్ట్ ఎటు వెళ్తోందో ఎవరూ గట్టిగా చెప్పలేని పరిస్థితి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఏ పరికరం ట్రాఫిక్‌ని రానివ్వాలా ఆపాలా అని నిర్ణయిస్తుందో, ఏది లాగ్ రాస్తుందో, డీనాట్ కూడా అందులోనే ఉండాలి, ఆ ఒక్క చోటే ఉండాలి. రెండు పరికరాలున్న చోట అది మామూలుగా ఫైర్‌వాల్. ఇలా కుదరని సందర్భాలు ఉన్నాయి, వాటిలో ఏం చేయాలో కూడా చెప్తాను.

ఉదాహరణకి పబ్లిక్ ఐపీ 203.0.113.10, సర్వర్ 192.168.20.50 అనుకుందాం. బయట 198.51.100.7 నుంచి ఒకరు పబ్లిక్ ఐపీలో 443 పోర్ట్‌కి వచ్చారు. డీనాట్ చేసే పరికరం గమ్యాన్ని 192.168.20.50గా మారుస్తుంది, పంపినవాళ్ల చిరునామాను ముట్టుకోదు. చేసిన మార్పును కనెక్షన్ టేబుల్‌లో రాసి పెట్టుకుంటుంది. సర్వర్ జవాబు వెనక్కి వచ్చినప్పుడు ఆ టేబుల్ చూసి, పంపినవాళ్ల స్థానంలో మళ్లీ 203.0.113.10 పెట్టి బయటికి వదులుతుంది. దీన్ని బట్టి రెండు విషయాలు తేలుతాయి. జవాబు కూడా అదే పరికరం గుండా వెళ్లాలి. ఇక రూల్ మార్చినా, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు పాత దారినే నడుస్తాయి. లినక్స్‌లో అయితే నాట్ రూల్స్‌ని కనెక్షన్‌లోని మొదటి ప్యాకెట్ మాత్రమే దాటుతుంది, మిగతావన్నీ టేబుల్ చూసి వెళ్లిపోతాయి.

ముందు పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూడండి

రౌటర్ బయటి ఇంటర్‌ఫేస్‌కి (ఇంటర్నెట్ లైన్ తగిలే వైపుకి) వచ్చిన చిరునామా 100.64.0.0 నుంచి 100.127.255.255 మధ్యలో ఉంటే మీ మీద ఇంకో నాట్ నడుస్తోంది. సర్వీస్ ప్రొవైడర్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడానికి వాడే ఈ శ్రేణిని 2012లో ఆర్ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ నియమ పత్రం కేటాయించింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి కనిపించినా అంతే, అవన్నీ ప్రైవేట్ చిరునామాలు. ఈ స్థితిలో మీ రౌటర్‌లో రాసిన డీనాట్ రూల్‌కి పని ఉండదు, ఎందుకంటే ప్యాకెట్ మీ దాకా రానే రాదు. ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా లోపలి నుంచి బయటికి టన్నెల్ వేసుకోవాలి, లేదా ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామాలు) వాడాలి.

రెండు పరికరాలు, మూడు అమరికలు

మొదటిది అన్నిటికంటే మంచిది. పబ్లిక్ ఐపీ నేరుగా ఫైర్‌వాల్ మీదే ఉంటుంది. ముందున్న రౌటర్ బ్రిడ్జ్ మోడ్‌లో ఉండి తన పాత్ర వదులుకుంటుంది, లేదా ప్రొవైడర్ ఇచ్చిన ఐపీ బ్లాక్‌ని ఫైర్‌వాల్ వైపు మామూలుగా రూట్ చేస్తుంది. నాట్, పాలసీ (ఏది రానివ్వాలి, ఏది ఆపాలి అనే నియమాలు), లాగ్ అన్నీ ఒక్క తెర మీద దొరుకుతాయి. అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే చూడాల్సింది ఒక్క చోటే.

అదనపు పబ్లిక్ ఐపీలు వాడేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. ఆ ఐపీలు బయటి ఇంటర్‌ఫేస్ ఉన్న సబ్‌నెట్‌లోవే (నెట్‌వర్క్‌లో అదే భాగంలోవే) అయితే, "ఈ ఐపీ ఎవరిది" అని ముందున్న రౌటర్ అడిగే ఏఆర్‌పీ ప్రశ్నకి ఫైర్‌వాల్ జవాబివ్వాలి. సిస్కో ఏఎస్ఏ నాట్ చిరునామాలకి తనంతట తానే జవాబిస్తుంది. జూనిపర్ ఎస్ఆర్ఎక్స్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (ఆ ఐపీ తరఫున జవాబివ్వమనే ఆదేశం) విడిగా రాయాలి. పీఎఫ్‌సెన్స్‌లో వర్చువల్ ఐపీ చేర్చాలి. ఇది మర్చిపోతే రూల్ ఎంత సరిగ్గా ఉన్నా ఒక్క ప్యాకెట్ కూడా రాదు. ప్రొవైడర్ ఆ బ్లాక్‌ని మీ ఫైర్‌వాల్‌కి రూట్ చేసి ఇచ్చి ఉంటే ఈ గొడవ ఉండదు. అందుకే అడిగే అవకాశం ఉన్నప్పుడు రూట్ చేసిన బ్లాకే అడగండి.

రెండో అమరికలో పబ్లిక్ ఐపీ రౌటర్ మీద ఉంటుంది, డీనాట్ కూడా రౌటరే చేస్తుంది. ఫైర్‌వాల్ ఎలాంటి నాట్ చేయకుండా రూట్ చేస్తూ వడపోత మాత్రం చూస్తుంది. ఇది కూడా శుభ్రమైన పద్ధతే. ఫైర్‌వాల్ దాకా వచ్చేసరికి ప్యాకెట్‌లో అసలు పంపినవాళ్ల చిరునామా, సర్వర్ అసలు చిరునామా రెండూ ఉంటాయి కాబట్టి పాలసీ రాయడం సులువు. ఇందులో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. 192.168.20.0 నెట్‌వర్క్ ఫైర్‌వాల్ వెనక ఉందని రౌటర్‌కి రూట్ రాయాలి. ఫైర్‌వాల్‌లో మామూలుగా ఆన్‌లో ఉండే బయటికి వెళ్లే నాట్‌ని ఆపేయాలి. లాగ్‌లు రెండు చోట్ల పడతాయి కాబట్టి రెండు పరికరాల గడియారాలు ఒకే సమయం చూపించకపోతే ఏ ఎంట్రీకి ఏది జతో తేల్చుకోవడం నరకం. గడియారాలను నెట్‌వర్క్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ పెట్టండి.

మూడోది డబుల్ నాట్. రౌటర్ పోర్ట్‌ని ఫైర్‌వాల్ బయటి ఐపీకి, అంటే 192.168.1.2 లాంటి దానికి పంపిస్తుంది. ఫైర్‌వాల్ మళ్లీ దాన్ని సర్వర్‌కి పంపిస్తుంది. మామూలు వెబ్‌సైట్‌కి ఇది పనిచేస్తుంది. కానీ ప్రతి కొత్త సర్వీస్‌కి రెండు చోట్ల మార్పు చేయాలి, ఒకచోట మర్చిపోతే వెతుకులాట మొదలు. ఐపీసెక్ వీపీఎన్‌కి యూడీపీ 500, 4500 రెండూ దాటించాలి, ఎందుకంటే దాని డేటా మోసే ఈఎస్‌పీ ప్యాకెట్లకి పోర్ట్ నంబర్లు ఉండవు, నాట్ దాటాలంటే వాటిని యూడీపీ 4500లో చుట్టాల్సి వస్తుంది. ఇంటర్నెట్ ఫోన్లు వాడే సిప్‌లో చిరునామా మెసేజ్ లోపల కూడా రాసి ఉంటుంది. రెండు నాట్‌లు దాటేసరికి ఒకవైపు మాట వినిపించి రెండో వైపు వినిపించకపోవడం మామూలే.

రౌటర్‌ని బ్రిడ్జ్ చేసే వీలు లేక డబుల్ నాట్ తప్పకపోతే ఇలా చేయండి. రౌటర్ మెనూలో డీఎంజెడ్ హోస్ట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. వేరే రూల్‌కి తగలని ప్యాకెట్లన్నిటినీ ఒకే లోపలి ఐపీకి పంపించేస్తుంది. అందులో ఫైర్‌వాల్ ఐపీ ఇచ్చి ఇక రౌటర్ జోలికి వెళ్లకండి. అసలు రూల్స్ అన్నీ ఫైర్‌వాల్‌లోనే రాసుకోండి. డీఎంజెడ్ హోస్ట్‌కి నాకు తెలిసిన మంచి ఉపయోగం ఇదొక్కటే. ఫైర్‌వాల్ బదులు నేరుగా ఒక కంప్యూటర్ ఐపీ ఇస్తే, దాని పోర్ట్‌లన్నీ ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబెట్టినట్టే.

తర్జుమా వేరు, అనుమతి వేరు

రౌటర్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే తేడా ఇది. చాలా రౌటర్లలో డీనాట్ రూల్ రాయడమే అనుమతి ఇవ్వడం. మైక్రోటిక్ ఇంటి మోడళ్లతో వచ్చే డిఫాల్ట్ ఫైర్‌వాల్‌లో, బయటి నుంచి వచ్చిన కొత్త కనెక్షన్లలో డీనాట్ అవ్వని వాటిని ఆపమని ఒక రూల్ ఉంటుంది. అంటే డీనాట్ అయినవన్నీ వాటంతట అవే దాటిపోతాయి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో కూడా ఫార్వర్డ్ రాస్తే తలుపు తెరుచుకున్నట్టే. పాలో ఆల్టో, జూనిపర్ ఎస్ఆర్ఎక్స్ లాంటి ఫైర్‌వాల్‌లలో నాట్ రూల్ చిరునామా మార్చడం వరకే. రానివ్వాలా వద్దా అన్నది విడిగా సెక్యూరిటీ పాలసీ చెప్పాలి.

మొదటిది త్వరగా అయిపోతుంది, రెండోదానికి పని ఎక్కువ. అయినా నేను రెండోదాన్నే ఇష్టపడతాను. పాలసీని కాసేపు ఆపి చూడొచ్చు, ఏ దేశం నుంచి, ఏ ఐపీ నుంచి, ఏ వేళలో రావచ్చో చెప్పొచ్చు, నాట్ రూల్‌ని కదిలించకుండానే. ఆపిన ప్రతి ప్రయత్నం లాగ్‌లో కూడా కనిపిస్తుంది.

పీఎఫ్‌సెన్స్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. పోర్ట్ ఫార్వర్డ్ రాసినప్పుడు దానికి జతగా ఫిల్టర్ రూల్ ఒకటి తనే తయారు చేసి చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది చాలా మంచి పద్ధతి, ఎందుకంటే రెండు నిర్ణయాలూ కళ్లెదుట విడివిడిగా కనిపిస్తాయి.

ఫిల్టర్ పాత చిరునామా చూస్తుందా, కొత్తదా?

ఒక కంపెనీ పరికరం నుంచి ఇంకో కంపెనీ పరికరానికి మారేవాళ్లు తప్పకుండా తట్టుకునే రాయి ఇది. పాలసీలో 203.0.113.10 రాయాలా, 192.168.20.50 రాయాలా? జవాబు పరికరాన్ని బట్టి మారుతుంది.

లినక్స్‌లో డీనాట్ ప్రీరౌటింగ్ దశలోనే జరిగిపోతుంది, అంటే ప్యాకెట్ ఎటు వెళ్లాలో తేల్చకముందే. ఫార్వర్డ్ చైన్ (పరికరం గుండా దాటిపోయే ప్యాకెట్లను చూసే రూల్స్ వరస) దాకా వచ్చేసరికి గమ్యం 192.168.20.50. కాబట్టి ఫిల్టర్‌లో లోపలి చిరునామా రాయాలి. పోర్ట్ కూడా మార్చి ఉంటే లోపలి పోర్టే రాయాలి. 2001లో లినక్స్ 2.4తో వచ్చిన ఫైర్‌వాల్ టూల్ ఐపీటేబుల్స్‌లోనూ, 2014లో 3.13తో వచ్చిన ఎన్ఎఫ్‌టేబుల్స్‌లోనూ ఇదే వరస. లినక్స్ మీదే కట్టిన మైక్రోటిక్‌లోనూ ఇంతే. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్, జూనిపర్ ఎస్ఆర్ఎక్స్ కూడా ముందు గమ్యం మార్చి తర్వాతే వడపోత చేస్తాయి, కాబట్టి అక్కడా లోపలి చిరునామానే.

సిస్కో ఐఓఎస్ రౌటర్‌లో అలా కాదు. బయటి ఇంటర్‌ఫేస్ మీద లోపలికి వచ్చే దిశలో పెట్టిన యాక్సెస్ లిస్ట్ (అనుమతుల జాబితా), నాట్ కంటే ముందే ప్యాకెట్‌ని చూస్తుంది. అందుకని అక్కడ పబ్లిక్ చిరునామా రాయాలి. అదే సిస్కో ఏఎస్ఏకి వస్తే కథ మళ్లీ మారుతుంది. 8.3 వెర్షన్‌కి ముందు యాక్సెస్ లిస్ట్‌లో పబ్లిక్ చిరునామా రాసేవాళ్లు, 8.3 నుంచి అసలు లోపలి చిరునామా రాయాలి. పాత కాన్ఫిగరేషన్ చూసి కొత్త పరికరంలో దింపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పాలో ఆల్టోది అందరికీ తికమక పెట్టే పద్ధతి. సెక్యూరిటీ పాలసీలో గమ్యం చిరునామా పాతది రాయాలి, అంటే పబ్లిక్ ఐపీ. గమ్యం జోన్ (ఫైర్‌వాల్ ఇంటర్‌ఫేస్‌ల గుంపు) మాత్రం కొత్తది రాయాలి, అంటే సర్వర్ ఉన్న జోన్. నాట్ రూల్‌లోనేమో రెండు జోన్‌లూ బయటిదే. ఎందుకంటే నాట్ రూల్ చూసే సమయానికి గమ్యం ఇంకా పబ్లిక్ ఐపీయే, అది ఉన్నది బయటి జోన్‌లో. ఈ తర్కం ఒకసారి పట్టుబడితే మళ్లీ తప్పు రాదు. పట్టుబడేదాకా మాత్రం కాగితం మీద రాసుకుని చూసుకోండి.

ఫోర్టిగేట్‌లో వర్చువల్ ఐపీ అనే ఆబ్జెక్ట్ తయారు చేసి, పాలసీలో గమ్యంగా ఆ ఆబ్జెక్ట్ పేరే పెడతారు. సెంట్రల్ నాట్ మోడ్ ఆన్ చేస్తే మాత్రం పాలసీలో లోపలి చిరునామా రావాలి. ఇక్కడ భద్రతకి సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. గమ్యం "ఆల్" అని రాసిన డినై పాలసీ, వర్చువల్ ఐపీకి వచ్చే ట్రాఫిక్‌ని పట్టుకోకుండా వదిలేయవచ్చు. ఏదో ఒక చెడ్డ ఐపీని అడ్డుకున్నామని ధీమాగా ఉంటాం, అది మాత్రం సర్వర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. ఆ పాలసీలో మ్యాచ్ వీఐపీ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి.

పోర్ట్ ఒక్కటా, ఐపీ మొత్తమా?

ఒకే పబ్లిక్ ఐపీ ఉంటే ఎంపికే లేదు, పోర్ట్ ఫార్వర్డే. ఐపీలు చాలినన్ని ఉన్నప్పుడు ఒక పబ్లిక్ ఐపీని ఒక సర్వర్‌కి పూర్తిగా కట్టేసే వన్ టు వన్ నాట్ కూడా వాడొచ్చు. చాలామంది దీన్ని పోర్ట్‌లన్నీ తెరిచేయడం అనుకుని భయపడతారు. ఫైర్‌వాల్‌లో పాలసీ విడిగా ఉంటే ఆ భయం అక్కర్లేదు, ఏ పోర్ట్ తెరవాలో పాలసీయే చెప్తుంది.

వన్ టు వన్ నాట్ గెలిచే చోటు మెయిల్ సర్వర్. పోర్ట్ ఫార్వర్డ్ లోపలికి వచ్చే కనెక్షన్‌కి మాత్రమే వర్తిస్తుంది. సర్వర్ తనంతట తాను మెయిల్ పంపేటప్పుడు ఫైర్‌వాల్ ప్రధాన ఐపీతో బయటికి వెళ్తుంది. అవతలి సర్వర్ ఆ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీకి ఉన్న పేరు), ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ తరఫున మెయిల్ పంపగల ఐపీల జాబితా) చూసి పొంతన లేదని మెయిల్‌ని స్పామ్‌లో వేస్తుంది, లేదా తిప్పికొడుతుంది. వన్ టు వన్ అయితే రావడం, పోవడం రెండూ ఒకే ఐపీతో జరుగుతాయి. పోర్ట్ ఫార్వర్డే ఉంచుకోవాలంటే ఆ సర్వర్ కోసం బయటికి వెళ్లే నాట్ రూల్ ఒకటి విడిగా రాయాలి.

యూపీఎన్‌పీ గురించి క్లుప్తంగా చెప్తాను. లోపలున్న ప్రోగ్రామ్ అడగ్గానే, పాస్‌వర్డ్ లాంటిదేమీ చూడకుండా రౌటర్ పోర్ట్ తెరిచేస్తుంది. గేమ్ కన్సోల్‌కి సౌకర్యమే. కానీ అదే సౌకర్యం కెమెరాకీ, వైరస్‌కీ కూడా దొరుకుతుంది. సర్వర్‌లు ఉన్న నెట్‌వర్క్‌లో ఆఫ్ చేయండి.

లోపలివాళ్లు పబ్లిక్ ఐపీతో వస్తే

బయటి నుంచి సైట్ తెరుచుకుంటుంది, ఆఫీసు లోపల మాత్రం తెరుచుకోదు. డీనాట్ విషయంలో వచ్చే ఫిర్యాదుల్లో ఇది తరచూ వినిపించేది. కారణం ఇదీ. 192.168.20.30 అనే లోపలి కంప్యూటర్ 203.0.113.10కి ప్యాకెట్ పంపింది. రౌటర్ గమ్యాన్ని 192.168.20.50గా మార్చి సర్వర్‌కి ఇచ్చింది. సర్వర్ చూస్తే పంపినది పక్కనే, తన సబ్‌నెట్‌లోనే ఉన్న 192.168.20.30. దాంతో జవాబు రౌటర్‌కి ఇవ్వకుండా నేరుగా పంపేసింది. తను 203.0.113.10తో మాట్లాడుతుంటే 192.168.20.50 నుంచి జవాబు రావడంతో ఆ కంప్యూటర్ కనెక్షన్‌ని తెంచేసింది.

దీనికి మూడు దారులున్నాయి. హెయిర్‌పిన్ నాట్ అంటే లోపలి నుంచి వచ్చినప్పుడు పంపినవాళ్ల చిరునామాను కూడా రౌటర్ చిరునామాగా మార్చడం. అప్పుడు జవాబు రౌటర్‌కే వస్తుంది, అన్నీ కుదురుతాయి. కానీ సర్వర్ లాగ్‌లో లోపలివాళ్లంతా ఒకే ఐపీగా కనిపిస్తారు. ఒక్కరు తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొడితే ఆ ఐపీ బ్లాక్ అయ్యి అందరూ బయట నిలబడే ప్రమాదం ఉంది.

రెండో దారి స్ప్లిట్ డీఎన్ఎస్. లోపలి డీఎన్ఎస్ సర్వర్ అదే పేరుకి 192.168.20.50 చెప్తుంది, బయటి డీఎన్ఎస్ పబ్లిక్ ఐపీ చెప్తుంది. ట్రాఫిక్ రౌటర్ దాకా వెళ్లే పనే లేదు. పద్ధతి బాగానే ఉంటుంది, పరిమితులు తెలుసుకుని వాడాలి. డీఎన్ఎస్ పోర్ట్‌ని మార్చలేదు, కాబట్టి బయట 8443, లోపల 443 అని రాసుకుంటే ఇది పనిచేయదు. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేసిన బ్రౌజర్ మీ లోపలి డీఎన్ఎస్‌ని అడగకుండానే బయట అడిగేస్తుంది.

మూడోది నాకు బాగా నచ్చింది. సర్వర్‌ని విడి సబ్‌నెట్‌లో పెట్టండి. ఉద్యోగుల కంప్యూటర్లు 192.168.10.0లో, సర్వర్లు 192.168.20.0లో, మధ్యలో ఫైర్‌వాల్. అప్పుడు జవాబు ఎలాగూ ఫైర్‌వాల్ గుండానే పోవాలి, పంపినవాళ్ల చిరునామా మార్చాల్సిన అవసరమే ఉండదు. డీనాట్ రూల్ లోపలి ఇంటర్‌ఫేస్‌కి కూడా వర్తించేలా రాస్తే చాలు. లాగ్‌లో అసలు ఐపీలు కనిపిస్తాయి. పైగా సర్వర్ ఎప్పుడైనా చెడ్డవాళ్ల చేతిలో పడితే అది ఉద్యోగుల కంప్యూటర్ల మీదికి నేరుగా పోలేదు. డీనాట్‌ని ఫైర్‌వాల్‌లో పెట్టమని చెప్పడానికి ఇదీ ఒక కారణం. మామూలు ఇంటి రౌటర్లు చాలావాటిలో సబ్‌నెట్‌ని ఇలా విడగొట్టే వీలు ఉండదు.

రూల్ రాసేటప్పుడు

గమ్యం చిరునామా గానీ, వచ్చే ఇంటర్‌ఫేస్ గానీ తప్పకుండా రాయండి. పోర్ట్ 443 అని మాత్రమే రాసి వదిలేస్తే, లోపలివాళ్లు బయటి సైట్‌లకి వెళ్లే 443 ట్రాఫిక్ కూడా ఆ రూల్‌కి తగిలి మీ సర్వర్ మీద వచ్చి పడుతుంది. ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తోందని ఫోన్లు మొదలవుతాయి. మైక్రోటిక్‌లో ఇది తేలిగ్గా జరిగే పొరపాటు. పబ్లిక్ ఐపీ మారుతూ ఉండే లైన్ అయితే ఇంటర్‌ఫేస్ పేరుతో రాయండి.

తెలిసిన కొన్ని ఐపీలనే రానివ్వాలంటే ఆ జాబితా నాట్ రూల్‌లో పెట్టాలా, ఫిల్టర్‌లో పెట్టాలా? ఫిల్టర్‌లోనే పెట్టండి. నాట్ రూల్‌లో పెడితే, జాబితాలో లేనివాళ్ల ప్యాకెట్‌కి గమ్యం మారదు. అంటే అది ఇంకా రౌటర్ సొంత పబ్లిక్ ఐపీకి వచ్చినట్టే. రౌటర్ అడ్మిన్ పేజీ అదే పోర్ట్‌లో బయటికి తెరిచి ఉంటే, మీరు ఆపాలనుకున్న మనిషికి రౌటర్ లాగిన్ పేజీ ఎదురవుతుంది. ఫిల్టర్‌లో ఆపితే ప్యాకెట్ అక్కడే ఆగుతుంది, లాగ్‌లోనూ పడుతుంది.

22 బదులు 2222 లాంటి వేరే పోర్ట్ ఇస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది, భద్రత పెరగదు. మొత్తం 65,536 పోర్ట్‌లను స్కాన్ చేయడం ఈ రోజుల్లో పెద్ద పనేమీ కాదు. టీసీపీ 443తో పాటు యూడీపీ 443 కూడా తెరిస్తే హెచ్‌టీటీపీ 3 నడుస్తుంది. తెరవకపోతే బ్రౌజర్ టీసీపీకి మారిపోతుంది, సైట్ ఆగదు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ తప్పనిసరి అయితే ప్యాసివ్ పోర్ట్‌ల (డేటా కోసం సర్వర్ తెరిచేవాటి) శ్రేణిని సర్వర్‌లో చిన్నదిగా కట్టేసి, ఆ శ్రేణినే ఫార్వర్డ్ చేయండి. అన్నట్టు సర్వర్ ఐపీ డీహెచ్‌సీపీ (ఐపీలను తనంతట తానే పంచే సర్వీస్) నుంచి వస్తుంటే దాన్ని రిజర్వ్ చేయండి. లేకపోతే ఒకరోజు మీ 443 పోర్ట్ ఎవరి ల్యాప్‌టాప్‌కో తగులుతుంది.

ప్రోగ్రామ్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్ సర్వర్ మీద నడుస్తుంటే ఇంకో మాట. కంటైనర్ పోర్ట్‌ని పబ్లిష్ చేసినప్పుడు డాకర్ ఆ సర్వర్‌లోనే తన సొంత డీనాట్ రూల్ రాస్తుంది. ఆ ట్రాఫిక్ ఇన్‌పుట్ చైన్‌కి (సర్వర్‌కే వచ్చే ప్యాకెట్లను చూసే వరసకి) రాకుండా ఫార్వర్డ్ చైన్ గుండా పోతుంది. యూఎఫ్‌డబ్ల్యూ అనే లినక్స్ ఫైర్‌వాల్ టూల్‌లో పోర్ట్ మూసేశామని నమ్మినా అది తెరిచే ఉంటుంది. ఆపాల్సినవి డాకర్ యూజర్ చైన్‌లో రాయాలి.

డీనాట్ అక్కర్లేని చోట

ఒకే పబ్లిక్ ఐపీ, నాలుగు వెబ్‌సైట్‌లు, నాలుగు వేర్వేరు సర్వర్లు. డీనాట్ సైట్ పేరుని చూడలేదు, దానికి తెలిసింది ఐపీ, పోర్ట్ మాత్రమే. కాబట్టి 443ని ఒక్క రివర్స్ ప్రాక్సీకి పంపి, పేరుని బట్టి పంచే పని దానికి వదిలేయండి. నాలుగు సైట్‌లకి నాలుగు వింత పోర్ట్‌లు ఇచ్చి వాడేవాళ్లని ఇబ్బంది పెట్టొద్దు.

రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389, కెమెరా రికార్డర్, నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) అడ్మిన్ పేజీ, డేటాబేస్ పోర్ట్‌లు, వీటికి డీనాట్ రాయకండి. రహస్య పోర్ట్ ఇచ్చినా రాయకండి. ఇవి మీ మనుషులు మాత్రమే వాడేవి. ఒక్క వీపీఎన్ పోర్ట్ తెరిస్తే మిగతావన్నీ దాని లోపల నుంచి దొరుకుతాయి. వైర్‌గార్డ్ అయితే ఒక్క యూడీపీ పోర్ట్ చాలు, సాధారణంగా 51820. సరైన కీ లేని ప్యాకెట్‌కి అది జవాబే ఇవ్వదు కాబట్టి స్కాన్ చేసేవాళ్లకి కనిపించదు కూడా. డబుల్ నాట్‌ని కూడా ఇబ్బంది లేకుండా దాటుతుంది.

ఐపీవీ6లో ప్రతి సర్వర్‌కీ సొంత పబ్లిక్ చిరునామా ఉంటుంది, గమ్యం మార్చే పనే లేదు, ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే సరిపోతుంది. అయితే ఐపీవీ4లో నాట్ చాటున ఉన్న పరికరాలు ఐపీవీ6లో నేరుగా బయటికి తెలుస్తాయి. ఐపీవీ6 ఆన్ చేసే ముందు దానికి విడిగా ఫిల్టర్ రూల్స్ ఉన్నాయో లేదో చూసుకోండి.

పని చేయనప్పుడు

మొబైల్ డేటా మీద నుంచి పరీక్షించండి. అదే వైఫై నుంచి చూస్తే హెయిర్‌పిన్ సమస్యని డీనాట్ సమస్యగా పొరబడతారు. తర్వాత ప్యాకెట్‌ని మూడు చోట్ల పట్టుకుని చూడండి: బయటి ఇంటర్‌ఫేస్, లోపలి ఇంటర్‌ఫేస్, సర్వర్. టీసీపీడంప్ గానీ, పరికరంలో ఉండే ప్యాకెట్ క్యాప్చర్ గానీ చాలు.

బయటి ఇంటర్‌ఫేస్ దాకానే రాలేదంటే ప్రొవైడర్ ఆపుతున్నారు, లేదా పబ్లిక్ ఐపీ మీది కాదు, లేదా ఏఆర్‌పీకి జవాబు లేదు. బయట కనిపించి లోపలి ఇంటర్‌ఫేస్ మీద కనిపించకపోతే నాట్ రూల్ తగల్లేదు, లేదా పాలసీ ఆపింది. పాలసీలో తప్పు చిరునామా రాశారేమో మొదట చూడండి. సర్వర్ దాకా వచ్చి జవాబు లేకపోతే సర్వర్ సొంత ఫైర్‌వాల్‌ని, ఆ పోర్ట్‌లో ప్రోగ్రామ్ నడుస్తోందా లేదా అన్నదాన్ని చూడాలి. సర్వర్ జవాబు ఇస్తోంది కానీ అది ఫైర్‌వాల్‌కి రావడం లేదంటే సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే వేరే చోటికి చూపిస్తోంది. రెండు ఇంటర్నెట్ లైన్‌లు ఉన్న చోట ఇది తరచుగా జరుగుతుంది: ఒక లైన్‌లో వచ్చి, ఇంకో లైన్‌లో బయటికి పోతుంది.

చివరి సందర్భంలో కొందరు లోపలికి వచ్చే ట్రాఫిక్ మొత్తానికీ మాస్కరేడ్ (పంపినవాళ్ల చిరునామాను పరికరం చిరునామాగా మార్చే నాట్) పెట్టేసి గట్టెక్కుతారు. పని నడుస్తుంది, కానీ ఇంటర్నెట్ మొత్తం సర్వర్‌కి ఒకే లోపలి ఐపీగా కనిపిస్తుంది. దాడి చేసేవాళ్ల ఐపీని బట్టి అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ లాంటివి ఆ ఒక్క ఐపీని బ్లాక్ చేసి అందరినీ ఆపేస్తాయి. గేట్‌వేని సరిచేయండి. రెండు లైన్‌లుంటే, ఏ లైన్‌లో వచ్చిన కనెక్షన్ జవాబు ఆ లైన్‌లోనే వెళ్లేలా కనెక్షన్‌కి మార్క్ వేసి రూట్ చేయండి.

రూల్ తీసేసినప్పుడు, మార్చినప్పుడు ఆ సర్వర్‌కి సంబంధించిన పాత ఎంట్రీలను కనెక్షన్ టేబుల్ నుంచి తుడిచేయండి. లినక్స్‌లో కాన్‌ట్రాక్ టూల్‌తో, పీఎఫ్‌సెన్స్‌లో స్టేట్స్ పేజీలో ఇది చేయొచ్చు. టేబుల్ మొత్తం కాకుండా ఆ ఒక్క ఐపీ ఎంట్రీలే తుడిస్తే మిగతావాళ్ల పని చెడదు. ఆ తర్వాత మళ్లీ మొబైల్ డేటా మీద నుంచి ఒకసారి ప్రయత్నించి, పోర్ట్ నిజంగా మూసుకుందో లేదో చూడండి.